పాత సైటు ఫోల్డరు విప్పితే నాలుగు కాలాలు: వీటిలో ఏది నిలిచింది, ఏది పోయింది, ఎందుకు?

నీలిగీత

అందరికీ నమస్కారం. ఆకాశాన్ని పరిశీలించే ఔత్సాహికుల సంఘం ఒకటి తమ వెబ్‌సైటును కొత్తగా కట్టి ఇవ్వమని నాకు అప్పగించింది. పాత ఫైళ్లన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి పంపారు. విప్పి చూస్తే అందులో నాలుగు సైట్లు ఉన్నాయి. అడుగున 1997 నాటి పేజీలు. తరువాత ఫ్రేములతో (ఒకే కిటికీని భాగాలు చేసి వేర్వేరు పేజీలు చూపే పద్ధతి) చేసినది. ఆపైన 2004 ప్రాంతపు ప్రవేశ దృశ్యం, కదిలే బొమ్మలు చేసే ఫ్లాష్‌తో. చివరగా 2011లో జేక్వెరీతో (పేజీకి కదలిక ఇచ్చే జావాస్క్రిప్ట్ భాషలో ముందే రాసి ఉంచిన కోడు) చేసిన రూపం. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని తీసెయ్యకుండా పక్కకు జరిపినట్టున్నారు.

నాకు అంతుపట్టనిది ఇది. 1997 పేజీలు ఇవాళ్టి బ్రౌజరులో చక్కగా తెరుచుకుంటున్నాయి. గ్రహణాల పట్టికలు, పరిశీలన నివేదికలు అన్నీ చదవగలుగుతున్నాను. ఫ్లాష్ పేజీ పూర్తిగా ఖాళీ. 2011 రూపం తెరుచుకుంటుంది కానీ మెనూ కదలదు, బొమ్మల ప్రదర్శన మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయింది. ముసలిది నడుస్తోంది, వయసులో ఉన్నది మంచం పట్టింది!

ఇంకో రెండు సందేహాలు. పాత పేజీల్లో ఎక్కడ చూసినా స్పేసర్.జిఫ్ అనే బొమ్మ ఉంది. పరిమాణం 43 బైట్లు. తెరిస్తే ఏమీ కనబడదు. కొన్ని పేజీల్లో అయితే అక్షరాల బదులు అర్థం లేని గుర్తులు వస్తున్నాయి. ఆ కాలంలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి: ఏది ఉంచాలి, ఏది తీయాలి?

పాతమోడెమ్

స్పేసర్.జిఫ్ పేరు మళ్లీ వింటానని అనుకోలేదు. అది ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉన్న పారదర్శకమైన బొమ్మ. ఖాళీని పట్టి ఉంచడమే దాని ఉద్యోగం. పేరాకూ అంచుకూ మధ్య 15 పిక్సెళ్ల దూరం కావాలంటే ఆ బొమ్మకు వెడల్పు 15 అని రాసేవాళ్లం. బ్రౌజరు దాన్ని అంత మేరకు సాగదీసేది. కనబడని బొమ్మతో కనబడే ఖాళీ సృష్టించడం అన్నమాట.

ఆ గతి ఎందుకు పట్టిందంటే, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ పుట్టింది పేజీ అలంకరణ కోసం కాదు. భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి, 1991లో బయటి ప్రపంచానికి అందించినది పరిశోధన పత్రాలను ఒకదానికొకటి కలిపే ఏర్పాటు. శీర్షిక, పేరా, జాబితా, లింకు. ఇంతే సరంజామా. 1993లో మొజాయిక్ బ్రౌజరు అక్షరాల మధ్యే బొమ్మ చూపించడంతో పత్రికల పేజీలు దిద్దే చేతులకు దురద పుట్టింది. రెండు కాలమ్‌లు కావాలి, పక్కన మెనూ కావాలి, పైన పట్టీ కావాలి. హెచ్‌టీఎంఎల్‌లో వాటికి దారి లేదు. అంకెలు చూపించడానికి ఇచ్చిన టేబుల్ ట్యాగు (పట్టిక గీయమని బ్రౌజరుకు చెప్పే గుర్తు) ఒక్కటే దొరికింది. దాని గీతలను సున్నా చేసి, గళ్లలో పేజీ మొత్తాన్ని ఇరికించాం.

పని ఎలా సాగేదో చెబుతాను. ముందు పేజీ మొత్తం ఒకే బొమ్మగా ఫొటోషాప్‌లో గీసేవాళ్లం. దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో గడిలో పెట్టేవాళ్లం. అన్నీ అతికితే పేజీ అయ్యేది. అయితే బొమ్మ ట్యాగు తరువాత గడిని మూసే ట్యాగును కింది వరుసలో రాశామా, ఆ వరుస మార్పును బ్రౌజరు ఒక ఖాళీ అక్షరంగా లెక్కేసుకునేది. రెండు ముక్కల మధ్య తెల్లటి గీత. అందుకే మీ పాత ఫైళ్లలో ఒక్కో వరుస చదవలేనంత పొడవుగా, ఎక్కడా విరవకుండా ఉంటుంది చూడండి. అది బద్ధకం కాదు, ఆ గీతను తప్పించుకునే ఉపాయం.

వేగం సంగతి కూడా చెప్పాలి. 28.8 కిలోబిట్ల మోడెమ్ అంటే అన్నీ కలిసి వస్తే సెకనుకు 3.6 కిలోబైట్లు. 60 కిలోబైట్ల బొమ్మ ఒకటి దిగడానికి పదహారు, పదిహేడు సెకన్లు. పైగా టేబుల్ లోపల టేబుల్, దాని లోపల ఇంకొకటి ఉంటే, అన్నిటికన్నా బయటిది పూర్తిగా వచ్చేదాకా చాలా బ్రౌజర్లు ఏమీ గీసేవి కావు. తెల్ల తెర చూస్తూ కూర్చోవడమే.

కోలన్_సెమికోలన్

చదువుతుంటేనే వేళ్లు నొప్పి పుడుతున్నాయి. కానీ ఒక అనుమానం. పేజీ అలంకరణను విడిగా రాసే భాష సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం 1996 డిసెంబరులోనే వచ్చింది కదా. 1997లో పేజీలు చేసినవారు దాన్ని ఎందుకు ముట్టుకోలేదు?

మూడోకాలమ్

కాగితం మీద రావడం వేరు, బ్రౌజరులో రావడం వేరు. హాకోన్ వియం లీ సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించింది 1994లో. బెర్ట్ బోస్‌తో కలిసి దాన్ని ప్రమాణం స్థాయికి తెచ్చారు. అప్పటికే నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒకదాని మీద ఒకటి పోటీగా సొంత ట్యాగులు దించుతున్నాయి. ఒకరు మినుకుమినుకుమనే బ్లింక్ తెస్తే, ఇంకొకరు పరుగెత్తే మార్క్వీ తెచ్చారు. ఈ సందడిలో ప్రమాణాన్ని ఓపికగా చదివి అమలు చేసే తీరిక ఎవరికి?

1997లో వచ్చిన నెట్‌స్కేప్ 4ను తీసుకోండి. అందులో జావాస్క్రిప్ట్ ఆపేస్తే సీఎస్‌ఎస్ కూడా ఆగిపోయేది! కిటికీని కొంచెం పెద్దది చేస్తే పేజీ అలంకరణ చెదిరిపోయేది. దానికి మందుగా, కిటికీ కొలత మారగానే పేజీని మళ్లీ తెరిపించే చిన్న స్క్రిప్టును పేజీలు తయారుచేసే డ్రీమ్‌వీవర్ సాఫ్ట్‌వేరు చొప్పించేది. నీలిగీత గారూ, మీ ఫైళ్లలో ఎంఎం_రీలోడ్‌పేజ్ అనే ఫంక్షన్ వెతకండి. దొరికితే నిశ్చింతగా తీసెయ్యండి.

తరువాతి తలనొప్పి పెట్టె కొలత. వెడల్పు 200, లోపలి ఖాళీ రెండు వైపులా 20 చొప్పున, అంచు 5 చొప్పున అనుకోండి. ప్రమాణం ప్రకారం ఆ పెట్టె తెర మీద 250 పిక్సెళ్లు ఆక్రమించాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం అన్నీ కలిపి 200 అనేది, లోపల రాతకు 150 మిగిల్చేది. ఒకే కోడుకు రెండు బ్రౌజర్లలో రెండు పేజీలు. 2001లో వచ్చిన 6వ వెర్షను ప్రమాణాన్ని పాటించింది, కానీ ఫైలు మొదటి వరుసలో సరైన డాక్‌టైప్ (ఏ ప్రమాణంతో రాశామో చెప్పే వరుస) ఉంటేనే. ఆ వరుస లేకపోతే పాత లెక్కే. తమాషా ఏమిటంటే, ఆ పాత లెక్కే మనుషులకు సులువుగా తోస్తుంది. ఇవాళ ఏ కొత్త సైటు తెరిచినా బాక్స్-సైజింగ్: బార్డర్-బాక్స్ అనే వరుస పైనే కనిపిస్తుంది. ఓడిపోయిన బ్రౌజరు లెక్కను అందరూ కోరి వాడుకుంటున్నారు.

ఆ 6వ వెర్షను తరువాత 7వది రావడానికి అయిదేళ్లు పట్టింది, 2006 దాకా. పోటీ చచ్చిపోతే ఏమవుతుందో ఆ అయిదేళ్లు చూశాం.

తెరచదువరి

నేను తెర చూడలేను. స్క్రీన్ రీడరుతో వింటాను. ఆ స్పేసర్.జిఫ్ మీకు కనబడేది కాదేమో కానీ నాకు వినబడేది. బొమ్మకు ప్రత్యామ్నాయ వివరణ రాయకపోతే రీడరు ఫైలు పేరు చదువుతుంది. ఒక వార్తకూ ఇంకో వార్తకూ మధ్య "స్పేసర్ డాట్ జిఫ్, స్పేసర్ డాట్ జిఫ్" అని జపం. వివరణ ఖాళీగానైనా ఉంచితే రీడరు ఆ బొమ్మను దాటిపోతుంది. చాలామంది అది కూడా చేసేవారు కాదు. టేబుళ్లలో గడులు చదివే వరుస కూడా కంటికి కనిపించే వరుసలా ఉండేది కాదు. పైపట్టీ సగం, మెనూలో ఒక మాట, మళ్లీ పైపట్టీ మిగతా సగం.

అయినా 1997 పేజీల మీద నాకు కోపం లేదు. లోపల అసలు సరుకు ఉండేది. ఫ్లాష్ పేజీలో అయితే "బటన్, బటన్, బటన్" అని వినిపించేది. ఏ బటన్ దేనికో దేవుడికెరుక.

గోళాకారం

ఫ్లాష్‌ను తిట్టే చోట నేను లేకపోతే బాగుండదు. అప్పట్లో దాంతోనే పని నేర్చుకున్నాను. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే చిన్న పనిముట్టుగా మొదలై, మాక్రోమీడియా చేతికి వచ్చి ఫ్లాష్ అయింది. తరువాత అడోబీ దగ్గరికి చేరింది. పైన మూడోకాలమ్ గారు రెండు బ్రౌజర్లలో రెండు పేజీలు వచ్చేవన్నారు. ఫ్లాష్‌లో చేసినది అన్నిచోట్లా ఒక్కలాగే వచ్చేది. నచ్చిన అక్షర రూపం, సంగీతం, కదలిక, ఆట, అన్నీ. గీతలను గణితంగా దాచుకుంటుంది కాబట్టి ఫైలు కూడా చిన్నదే. ఒక మనిషి ఒంటిచేత్తో కార్టూను గీసి, గొంతు ఇచ్చి, ప్రపంచానికి చూపించగలిగాడు. ఇవాళ అదే పని చేయాలంటే ఎన్ని పనిముట్లు కావాలో లెక్కపెట్టండి.

ప్రవేశ దృశ్యాలు విసుగు పుట్టించేవి, ఒప్పుకుంటాను. "దాటవేయి" అనే బటనే అందులో అందరూ నొక్కే బటన్. కానీ దాని చావుకు కారణం ఆ విసుగు కాదు. 2007లో ఐఫోను ఫ్లాష్ లేకుండా వచ్చింది. 2010లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి బ్యాటరీ, భద్రత, టచ్ తెర వంటి కారణాలు చెప్పారు. 2017లో అడోబీ తానే గడువు ప్రకటించింది. 2020 చివరితో సరి.

నీలిగీత గారూ, ఆ ఫైలును పారెయ్యకండి. రఫుల్ అనే ఎమ్యులేటర్ ఉంది, ఉచితం. ప్లగిన్ (విడిగా తగిలించే అదనపు భాగం) అక్కర్లేకుండా బ్రౌజరులోనే పాత ఫ్లాష్ ఫైళ్లను ఆడిస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా తన ఫ్లాష్ సేకరణను దాంతోనే చూపిస్తోంది. 2004 నాటి సాదా దృశ్యం అయితే ఆడే అవకాశం బాగా ఉంది.

పాతమోడెమ్

గోళాకారం గారి బాధ అర్థమవుతుంది. కానీ ఒక్క తేడా చూడండి. మేమంతా పని నేర్చుకున్నది ఎదుటివారి పేజీ మూలాన్ని తెరిచి చూసి. ఫ్లాష్‌లో ఆ తలుపు లేదు. లోపల ఉన్నది సెర్చ్ ఇంజన్లకూ సరిగా అందేది కాదు, రీడర్లకూ అందేది కాదు, నకలు తీసుకునే మామూలు మనిషికీ అందేది కాదు. ఒక్క సంస్థ చేతిలో తాళం చెవి ఉంది, ఆ సంస్థ తాళం వేసి వెళ్లిపోయింది.

నీలిగీత

అందరికీ ధన్యవాదాలు. ఎంఎం_రీలోడ్‌పేజ్ దొరికింది, దాదాపు ప్రతి పేజీలో! రఫుల్‌తో ఫ్లాష్ ఫైలు ఆడింది. చంద్రుడు మెల్లగా తిరుగుతూ వచ్చి సంఘం పేరుగా మారుతున్నాడు. బాగానే ఉంది.

ఇంకో విషయం గమనించాను. ఫ్రేముల పేజీలు కూడా తెరుచుకుంటున్నాయి. ఫ్రేములను ప్రమాణం నుంచి తీసేశారని చదివాను. తీసేసినవి ఎలా పనిచేస్తున్నాయి?

అక్షరపిపాసి

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది, కాబట్టి కాస్త విడమరచి చెబుతాను.

2000 తరువాత వెబ్ ప్రమాణాల సంస్థ అయిన డబ్ల్యూ3సీ, హెచ్‌టీఎంఎల్‌ను పక్కనపెట్టి ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వైపు మళ్లింది. అందులో క్రమశిక్షణ ఎక్కువ. దాన్ని పూర్తి నియమాలతో నడిపితే ఒక్క ట్యాగు మూయడం మరిచినా బ్రౌజరు పేజీ చూపడం మాని దోషం చూపించాలి. రెండో వెర్షను ఇంకా ముందుకెళ్లి, పాత పేజీలతో పొత్తే లేని భాషగా తయారవసాగింది. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపెరా వారు విడిగా ఒక బృందం పెట్టుకున్నారు. దాని పేరు వాట్‌డబ్ల్యూజీ. వారి పట్టుదల ఒక్కటే: ఇప్పటికే వెబ్‌లో ఉన్న పేజీలు పాడవకూడదు. తప్పుల తడకగా రాసిన పేజీని కూడా అన్ని బ్రౌజర్లూ ఒకేలా అర్థం చేసుకోవాలి. మూయని ట్యాగు వస్తే ఏం చేయాలి, తప్పు చోట టేబుల్ వస్తే ఏం చేయాలి అని అడుగడుగునా రాసిపెట్టారు. హెచ్‌టీఎంఎల్5 అంటే కొత్త ట్యాగులే చాలామందికి గుర్తొస్తాయి. నా దృష్టిలో అసలు గొప్పతనం ఈ రాసిపెట్టడంలో ఉంది. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని 2009లో ఆపేశారు. 2014లో హెచ్‌టీఎంఎల్5 డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. 2019 నుంచి వాట్‌డబ్ల్యూజీ రాసేదే అందరికీ ప్రమాణం.

ఆ గ్రంథంలో కాలం చెల్లిన ట్యాగుల అధ్యాయం ఒకటి ఉంది. ఫాంట్, ఫ్రేమ్‌సెట్, చివరికి మార్క్వీ కూడా అందులో ఉన్నాయి. కొత్తగా రాసేవారు వీటిని వాడకూడదు, కానీ బ్రౌజర్లు వీటిని చూపించి తీరాలి. రాసేవాడికి ఒక నియమం, చూపించేవాడికి ఇంకో నియమం. అందుకే మీ ఫ్రేములు బతికున్నాయి. బ్లింక్‌కు మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. 2013లో ఫైర్‌ఫాక్స్ కూడా వదిలేశాక అది మినుకుమనడం మానేసింది. దాని కోసం ఏడ్చినవారిని నేనెరగను.

కోలన్_సెమికోలన్

అయితే 2011 రూపం ఎందుకు పడిపోయింది? జేక్వెరీ కూడా బ్రౌజరులో నడిచే మామూలు జావాస్క్రిప్టే కదా. పై లెక్క ప్రకారం అది కూడా నడవాలి. నీలిగీత గారూ, ఎఫ్12 నొక్కి కన్సోలులో ఎర్రగా ఏమి కనబడుతోందో చూసి చెప్పగలరా?

నీలిగీత

చూశాను. జేక్వెరీ-1.4.2 ఫైలును వేరే సర్వరు నుంచి తెస్తున్నారు. దాన్ని "మిక్స్‌డ్ కంటెంట్" అంటూ అడ్డుకున్నట్టు సందేశం ఉంది. బొమ్మల ప్రదర్శన ప్లగిన్ ఇంకెక్కడి నుంచో వస్తోంది, ఆ చిరునామానే లేదు.

కోలన్_సెమికోలన్

దొరికింది దొంగ. 2011లో చాలా సైట్లు గుప్తీకరణ లేని హెచ్‌టీటీపీ మీదే ఉండేవి. 2015 చివర లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ, భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2018లో క్రోమ్ ప్రతి హెచ్‌టీటీపీ సైటుకూ "సురక్షితం కాదు" అని ముద్ర వేయసాగింది. దాంతో సంఘం వారు కూడా ఎప్పుడో సైటును హెచ్‌టీటీపీఎస్‌కు మార్చి ఉంటారు. భద్రమైన పేజీలోకి భద్రత లేని దారిలో స్క్రిప్టు వస్తే బ్రౌజరు రానివ్వదు. రెండోదైతే పరాయి సర్వరును నమ్ముకున్నారు, ఆ సర్వరు మూతపడింది.

ఆ జేక్వెరీ ఫైలును సంపాదించి మీ ఫోల్డరులోనే పెట్టండి, స్క్రిప్టు వరుసలో చిరునామా మార్చండి. మెనూ కదలాలి.

నీలిగీత

కదిలింది! ప్రదర్శన మాత్రం ఇంకా ఆగే ఉంది, ఆ ప్లగిన్ దొరికితే అది కూడా నడుస్తుందేమో. అంటే తప్పు వయసుది కాదు. బయటివారి మీద ఆధారపడినవి పడిపోయాయి, పక్కనే ఫైలు ఉన్నవి నిలిచాయి.

మూడోకాలమ్

జేక్వెరీని ఇప్పుడు వెక్కిరించడం ఫ్యాషన్ అయింది కానీ, 2006లో జాన్ రెసిగ్ దాన్ని విడుదల చేసినప్పుడు మాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక క్లిక్‌ను పట్టుకోవడానికి ఒక బ్రౌజరులో ఒక పేరు, ఇంకో దాంట్లో ఇంకో పేరు. జేక్వెరీ ఆ గొడవంతా తన కడుపులో దాచుకుని మనకు ఒకే పేరు ఇచ్చింది. తరువాత బ్రౌజర్లు దారికొచ్చాయి, దాని అవసరం తగ్గింది. కొత్త సైటుకు అది అక్కర్లేదు.

ఇప్పుడు ఫోను సంగతి. నీలిగీత గారూ, 1997 పేజీని ఫోనులో తెరిచి చూశారా? అక్షరాలు చీమల్లా కనబడి ఉంటాయి. ఐఫోను మొదట వచ్చినప్పుడు వెబ్ అంతా పెద్ద తెరల కోసమే ఉంది. అందుకని సఫారీ తన తెర 980 పిక్సెళ్ల వెడల్పు ఉందని నటించి, పేజీని మొత్తం గీసి, దాన్ని కుదించి చూపించేది. ఆ నటన ఇంకా సాగుతోంది. మానిపించాలంటే పేజీ తలభాగంలో తెర అసలు వెడల్పే వాడమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగు ఒక్క వరుస రాయాలి. రాసి చూడండి. టేబుళ్లతో కట్టని సాదా పేజీలైతే ఆ ఒక్క వరుసతో ఫోనులో హాయిగా చదువుకునేలా మారిపోతాయి.

ఎందుకంటే హెచ్‌టీఎంఎల్ రాత పుట్టుకతోనే తెరను బట్టి సర్దుకుంటుంది. వెడల్పు ఎంత ఉంటే అంతలో వరుసలు విరుచుకుంటుంది. దాన్ని గడ్డకట్టించింది మేమే. ముందు 640, తరువాత 800, ఆ తరువాత 1024 పిక్సెళ్ల తెరలకు. 1024 కాలంలో అందరికీ 960 వెడల్పు మీద మోజు. 2, 3, 4, 5, 6, 8, 10, 12 దేనితో భాగించినా శేషం రాదు కాబట్టి కాలమ్‌లు కోయడం సులువు. మీ 2011 రూపం వెడల్పు కూడా అదే అయి ఉంటుందని పందెం కాస్తాను. 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ డిజైన్ అని పేరు పెట్టి, శాతాల్లో కొలతలు, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు (తెర వెడల్పును బట్టి అలంకరణ మార్చే నియమాలు) కలిపి చూపించినప్పుడు అది కొత్త విద్య అనుకున్నాం. సగం విద్య పాత గడ్డను కరిగించడమే.

నీలిగీత

పందెం మీరే గెలిచారు. 960.

కోలన్_సెమికోలన్

ఇంత చర్చ తరువాత ఇక్కడ నా మాట ఎవరికీ రుచించదేమో కానీ చెబుతాను. కొత్త సైటును రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో కడితే తప్పేమిటి? పరిశీలనలు చేర్చే ఫారం, తేదీ ఇస్తే ఆ రాత్రి ఏ గ్రహం ఎక్కడుందో చూపే పటం, ఇవన్నీ పెట్టవచ్చు. వెబ్ అంటే పత్రాలు మాత్రమే అన్నట్టు మాట్లాడుతున్నారు. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చినప్పుడే ఆ గీత చెరిగిపోయింది. పేజీ మళ్లీ తెరవకుండా వెనుక నుంచి సమాచారం తెచ్చుకునే ఆ పద్ధతికి జెస్సీ జేమ్స్ గారెట్ అజాక్స్ అని పేరు పెట్టారు. దాని కింద ఉన్న ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీ అంతకు చాలా ముందే, 1999లో, మీరంతా తిట్టే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే వచ్చింది. పటాన్ని వేలితో జరుపుతూ చూడటం, నలుగురు ఒకే పత్రాన్ని ఒకేసారి దిద్దడం, ఇవి సాదా హెచ్‌టీఎంఎల్‌తో అయ్యే పనులా?

తెరచదువరి

కావు, నిజమే. నేనూ రోజూ అటువంటివి వాడతాను. నా అభ్యంతరం పనిముట్టు మీద కాదు, అలవాటు మీద. బటన్ అనే ట్యాగు ఉంది. దాన్ని వదిలేసి, తనకంటూ ఏ అర్థమూ లేని పెట్టె ట్యాగు డివ్‌కు రంగు పూసి, క్లిక్ తగిలిస్తారు. కంటికి అది బటనే. నా రీడరుకు అది మామూలు రాత. కీబోర్డుతో దాని మీదికి వెళ్లలేను, ఎంటర్ నొక్కితే పలకదు. అందరికీ అందే వెబ్ ఎలా రాయాలో డబ్ల్యూసీఏజీ పేరుతో 1999లోనే సూచనలు వచ్చాయి, 2008లో రెండో వెర్షను వచ్చింది. అయినా ఇప్పటికీ తేదీ ఎంచుకునే క్యాలెండరు పెట్టె ముందు నేను ఆగిపోతాను. ఏ తరంలోనైనా తప్పు ఒక్కటే, రూపం కోసం అర్థాన్ని వదిలెయ్యడం. అప్పుడు టేబుల్, ఇప్పుడు డివ్.

పాతమోడెమ్

కోలన్ గారూ, పటానికి జావాస్క్రిప్ట్ కావాలి, ఎవరూ కాదనరు. గ్రహణ నివేదిక చదవడానికి ఎందుకు? చాలా సైట్లలో ఇప్పుడు సర్వరు పంపేది ఖాళీ డివ్ ఒకటి, పెద్ద స్క్రిప్టు ఒకటి. స్క్రిప్టు దిగి, నడిచి, మళ్లీ సర్వరును అడిగి, అప్పుడు పేరా గీస్తుంది. మధ్యలో ఏది తెగినా తెల్ల తెర. పేజీ సగటు బరువు 2 మెగాబైట్లు దాటింది. నా మోడెమ్ మీద అది దిగాలంటే తొమ్మిది నిమిషాల పైనే.

పైగా ఆధారాల గొలుసు. 2016లో లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీని దాని రచయిత జావాస్క్రిప్ట్ కోడు పంచుకునే భాండాగారం ఎన్‌పీఎం నుంచి తీసేశారు. పదకొండు వరుసల కోడు. మాటకు ఎడమవైపు ఖాళీలో సున్నాలో మరేవో పేర్చడం దాని పని. అది లేకపోయేసరికి ఎక్కడెక్కడి ప్రాజెక్టుల నిర్మాణమో ఆగిపోయింది. మీ 2011 మెనూ చచ్చిన కారణమే, పెద్ద ఎత్తున.

మూడోకాలమ్

రాజీ మార్గం ఉంది. నివేదికలు, పట్టికలు సాదా హెచ్‌టీఎంఎల్. పటం ఉన్న ఒక్క పేజీకి స్క్రిప్టు, ఫైలు మీ సర్వరులోనే. స్క్రిప్టు రాకపోయినా ఆ పేజీలో కనీసం ఆ నెల పట్టిక కనబడాలి.

అమరికకు సీఎస్‌ఎస్ గ్రిడ్ (పేజీని అడ్డం, నిలువు గళ్లుగా విడదీసే పద్ధతి) వాడండి. ఎడమ మెనూ, మధ్య రాత, కుడి పట్టీ, మూడూ ఒకే ఎత్తు ఉండాలన్న కోరిక తీరక మేము ఫ్లోట్లతో (పెట్టెను ఒక పక్కకు జరిపే సీఎస్‌ఎస్ ఉపాయం) ఏళ్ల తరబడి కుస్తీ పట్టాం. నా పేరు అందుకే అది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ ఒకే నెలలో గ్రిడ్‌ను విడుదల చేశాయి. ఇరవై ఏళ్ల క్రితం బ్రౌజరుకొక ట్యాగుతో కొట్టుకున్న చోట ఇలా జరుగుతుందని ఎవరూ ఊహించలేదు. ఇప్పుడు మూడు కాలమ్‌లకు రెండు వరుసల సీఎస్‌ఎస్. పెట్టె నడిమధ్యలో మాట పెట్టడం కూడా ఒక పరీక్షగా ఉండేది, అది కూడా పోయింది.

గోళాకారం

అమరిక సులువైంది, అందం ఏమైంది? పైన వెడల్పాటి ఫొటో, మధ్యలో పెద్ద మాట, కింద మూడు పెట్టెలు, మూలన మూడు గీతల మెనూ. ఏ సైటు తెరిచినా అదే ముఖం. ఎవరైనా ఉచితంగా సొంత పేజీ పెట్టుకోగలిగిన జియోసిటీస్‌లో నక్షత్రాల నేపథ్యం మీద పసుపు అక్షరాలు కళ్లు పొడిచేవి, నిజమే, కానీ ఎవరి పేజీ వారిదని తెలిసేది. 2009లో యాహూ దాన్ని మూసేస్తే, దొరికినంత దాచింది స్వచ్ఛందంగా పనిచేసిన ఆర్కైవ్ టీమ్ వాళ్లు.

తెరచదువరి

ఆ ఒకే ముఖం వల్ల మెనూ ఎక్కడుంటుందో నాకు వెతక్కుండా తెలుస్తోంది గోళాకారం గారూ. మీకు విసుగు, నాకు దారి.

అక్షరపిపాసి

గుర్తుల పేజీల గురించి ఎవరూ చెప్పలేదు. నీలిగీత గారూ, ఆ పేజీల మూలంలో ఫాంట్ ఫేస్ అని ఉన్న చోట ఏదో ఒక ఫాంటు పేరు ఉంటుంది. రోమన్ కాని లిపులకు, మన లిపి సహా, అప్పట్లో ఇదే పద్ధతి. కంప్యూటరు దృష్టిలో ఉన్నవి రోమన్ అక్షరాల సంకేతాలే, ఫాంటు మాత్రం వాటి బొమ్మల స్థానంలో మన అక్షరాల ముక్కలు చూపించేది. ఫాంటు లేకపోతే మిగిలేది మీరు చూస్తున్న గుర్తులే. పైగా ఏ ఫాంటు సంకేతాలు దానివే. వెతికితే దొరకదు, వేరే ఫాంటులోకి మారదు. అన్ని లిపులకూ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ మొదటి వెర్షను 1991లోనే ఉంది, ఆ సంకేతాలను ఫైలులో రాసే పద్ధతి యూటీఎఫ్-8 ఆ వెంటనే 1992లో వచ్చింది, కానీ బ్రౌజర్లలో, ఆపరేటింగ్ సిస్టంలలో అది స్థిరపడేదాకా జనం ఆగలేరు కదా. 2008 నాటికి గానీ యూటీఎఫ్-8 వెబ్‌లో మిగతావాటిని దాటలేదు.

ఫాంటు పేరు ఇక్కడ రాయండి. ప్రసిద్ధమైనదైతే మార్చే పనిముట్టు ఉంటుంది. కాకపోతే ఏ సంకేతానికి ఏ ముక్కో పట్టిక వేసుకుని మార్చాలి. వత్తులు, గుణింతాలు తెరమీద కనబడే క్రమంలో దాచి ఉంటాయి, యూనికోడ్‌లో పలికే క్రమం కావాలి. అక్కడ కన్ను వేసి ఉంచండి. మార్చాక యూటీఎఫ్-8లో భద్రపరచి, మెటా ట్యాగులో ఆ సంగతి రాయండి.

నీలిగీత

ఫాంటు ఫైలు కూడా ఫోల్డరులోనే ఉంది, ఎవరో ముందుచూపుతో పెట్టారు. దాన్ని తెరిచి పట్టిక వేయడం మొదలుపెడతాను.

నా ప్రణాళిక ఇదీ. 1997 పేజీల రాతను యథాతథంగా ఉంచి, టేబుళ్లు విప్పి, శీర్షికలకు శీర్షిక ట్యాగులు పెడతాను. అంకెల పట్టికలు మాత్రం టేబుళ్లుగానే ఉంటాయి. ఫ్లాష్ దృశ్యం సైటు చరిత్ర పేజీలో ఒక మూల. 2011 రూపానికి సెలవు. చివరిగా ఒకటి మిగిలింది: సర్వరులో నడిచే పెర్ల్ సీజీఐ స్క్రిప్టుతో నడిచిన సందర్శకుల పుస్తకం. 1998 నుంచి జనం రాసిన మాటలు ఉన్నాయి. దీన్నేం చేయాలి?

మూడోకాలమ్

స్క్రిప్టును ముట్టుకోకండి, సర్వరులో పెట్టనే పెట్టకండి. ఆ కాలపు స్క్రిప్టుల్లో చాలావాటికి వచ్చిన మాటను జల్లెడ పట్టడం తెలియదు. మొదటి వారంలోనే ప్రకటనల చెత్తతో నిండుతుంది, అంతకన్నా ఘోరాలు కూడా జరగవచ్చు. డేటా ఫైలును మాత్రం సాదా పేజీగా మార్చి పెట్టండి. ట్యాగులేవైనా రాసి ఉంటే ముందు వాటిని నిర్వీర్యం చేయండి.

పాత చిరునామాలు కూడా మార్చకండి. తప్పనిసరైతే 301 దారిమళ్లింపు (పేజీ శాశ్వతంగా కొత్త చిరునామాకు మారిందని చెప్పే జవాబు) పెట్టండి. ఎక్కడో ఎవరో ఆ గ్రహణ పట్టికకు లింకు ఇచ్చి ఉంటారు. ఫ్రేముల సైటులో లోపలి పేజీల చిరునామాలు కూడా లెక్కలోకి తీసుకోండి, సెర్చ్ ఇంజన్లు పట్టుకున్నది వాటినే.

తెరచదువరి

సందర్శకుల పుస్తకంలో జనం తమ ఈమెయిలు, ఫోను నంబరు కూడా రాసి ఉంటారు, అప్పట్లో అది మామూలే. పేజీ పెట్టే ముందు అవి తీసెయ్యండి.